బేత్లెహేము కాపరులు డిసెంబరులో బయట ఉండరా?

కళ్యాణదుర్గం కుర్రోడు:
అందరికీ నమస్తే. మా చర్చి యూత్ మీటింగ్‌లో ఒక అన్న, బేత్లెహేము ఉన్న యూదయలో అక్టోబరు దాటితే మందల్ని ఇళ్లకు తోలేస్తారు, కాబట్టి లూకా సువార్త 2వ అధ్యాయంలో యేసు పుట్టిన రాత్రి పొలంలో మంద కాసినవాళ్లు డిసెంబరు కాపరులు కాదు అన్నాడు. మా తాత నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు, ఆయన్ని అడిగితే "చలికాలమైతే మంద చేన్లో పండుకోదా ఏంది, కంబళి ఎందుకు మరి" అన్నాడు. ఆ అక్టోబరు మాట ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తేదీ కంటే ఆ మందల బతుకు ఎట్లా నడిచేదో తెలుసుకోవాలని ఉంది.

కడప చదువరి:
తమ్ముడూ, అది తల్మూదులోని మాట. యూదుల పాత ధర్మశాస్త్ర నియమాల సంకలనం మిష్నా, దానిపై రబ్బీల చర్చ తల్మూదు. పండగ రోజు ఏ పశువును కోయొచ్చు అనే చర్చలో వస్తుంది. మిష్నాలో బేట్సా అనే భాగం చివర, ఇంటి పశువుకు నీళ్లు పెట్టి కోయొచ్చు, అడవి మేత పశువును కోయకూడదు అని ఉంది. రాత్రికి ఊరు చేరేవి ఇంటివి, బీట్లోనే పడుకునేవి అడవివి. తల్మూదు దీన్ని వివరిస్తూ, పస్కాకు (మార్చి, ఏప్రిల్‌లో వచ్చే యూదుల పండగ) బయలుదేరి బీళ్లలో మేసి తొలి వానకు తిరిగొచ్చేవి అడవి పశువులు అంటుంది. తొలి వాన అంటే మర్హెష్వాన్ నెల, మన అక్టోబరు, నవంబరు. మీ అన్న ఇక్కడే ఆగిపోయాడు. పక్క వాక్యంలోనే, మిష్నాను కూర్చిన రబ్బీ యూదా హనాసి, అవి కూడా ఇంటివే, ఎండాకాలంలోనూ వానకాలంలోనూ ఊళ్లోకి రానివే అసలైన అడవి పశువులు అంటాడు. అంటే వానల్లో కూడా బయటే ఉన్న మందలు ఆయనకు తెలుసు. డిసెంబరు అని ఇది రుజువు చేయదు, కాదనీ చెప్పదు.

ఆదోని అక్క:
మాది గొర్రెల ఇల్లే. ముందు ఒకటి గుర్తు పెట్టుకో, వాళ్ల వానలు మనకు తిరగబడి ఉంటాయి. మనకు జూన్‌లో మొదలైతే వాళ్లకు అక్టోబరు చివర్లో మొదలై ఏప్రిల్ దాకా పడతాయి, ఎండాకాలమంతా చుక్క ఉండదు. బేత్లెహేముకు తూర్పున ఉండే యూదయ అరణ్యంలో గడ్డి మొలిచేది ఆ చలికాలపు వానలకే. పస్కా నాటికి యవల కోత, యాభై రోజులకు గోధుమ కోత, ఆ తర్వాత కోసిన చేలల్లో మేత. మనవాళ్లు కె.సి. కాలువ కింద వరి కోతలయ్యాక మందలు తోలుకుపోయి రైతు మళ్లో రాత్రికి నిలిపినట్టే. ఆదికాండములో యాకోబు కొడుకు యోసేపు అన్నలు హెబ్రోను నుంచి షెకెముకు, అంటే దాదాపు 80 కిలోమీటర్లు మేపుకుంటూ పోయి, అక్కడి నుంచి దోతానుకు మళ్లారు. మేత ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే కదా.

ఇంకోటి చెప్పాలి. అడవి మృగం చంపిన జీవాన్ని సాక్ష్యంగా తెచ్చి చూపిస్తే కాపరి నష్టం కట్టక్కర్లేదని నిర్గమకాండము 22లో ఉంది. సింహం నోట్లోంచి రెండు కాళ్లో చెవి ముక్కో కాపరి లాక్కొస్తాడని ఆమోసు ప్రవక్త రాశాడు. మా నాయన గొర్రెను తోడేలు ఎత్తుకుపోతే చెవి ట్యాగు దొరకలేదని బీమా డబ్బులు ఇవ్వలేదు, ఆ చెవి కోసం రెండు రోజులు కంపల్లో వెతికాడు. ఆమోసు మాట చదివినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు. యాకోబైతే అట్లా పోయిన వాటి నష్టం కూడా తానే పెట్టుకున్నానని, తాను మందలు కాసిన మామ లాబానుతో చెప్పుకుని బాధపడ్డాడు, పగలు ఎండకు, రాత్రి మంచుకు క్షీణించిపోయానని కూడా అన్నాడు.

కళ్యాణదుర్గం కుర్రోడు:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. మొత్తం తాతకు చదివి వినిపించాను. వాళ్లు మందను ఎట్లా లెక్కపెట్టేవాళ్లు అని అడుగుతున్నాడు.

కడప చదువరి:
దేవుడికి పదోవంతు తీయడానికి ఏడాదికి మూడుసార్లు లెక్కపెట్టేవారు, పస్కాకు, వారాల పండక్కి, పర్ణశాలల పండక్కి ముందు. గొర్రె పిల్లల్ని దొడ్లో పెట్టి, రెండు ఒకేసారి దూరలేనంత చిన్న సందు వదిలేవారు. ఒకటి, రెండు అని కర్రతో లెక్కపెడుతూ పదోదానికి ఎర్ర రంగు పూసి, ఇది దశమభాగం అనేవారు. బెఖోరోత్ అనే మిష్నా భాగం చివరి అధ్యాయంలో ఉంది.

కళ్యాణదుర్గం కుర్రోడు:
మేమూ సంతలో కొన్నవాటి వీపుకు ఎర్ర రంగే పూస్తాం! తాత మళ్లీ అడుగుతున్నాడు, పదోది కుంటిదైతే?

కడప చదువరి:
మంచిదా చెడ్డదా అని చూడకూడదు, మార్చకూడదు. మారిస్తే రెండూ దేవుడివే అని లేవీయకాండము 27 చెప్తుంది. కుంటిది బలికి పనికిరాదు కాబట్టి, దాన్ని ఆ మంద యజమానే కోసుకుని తినాలి, అమ్మకూడదు.