‘వట్టి’, ‘ఖాళీ’ ఒకటేనా?

ప్రశ్న:
‘వట్టి’ అంటే ఏమిటని మా అబ్బాయి అడిగితే ‘ఖాళీ’ అని చెప్పి ఊరుకున్నాను. ‘అయితే బస్సులో వట్టి సీటు ఉందనవచ్చా?’ అని వాడు వెంటనే అడిగేసరికి నా దగ్గర జవాబు లేకపోయింది. ‘వట్టి కుండ’, ‘ఖాళీ కుండ’ రెండూ చెల్లుతున్నప్పుడు ‘వట్టి సీటు’ ఎందుకు చెల్లదో, అసలీ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
‘వట్టి’కి మూలార్థం ఖాళీ కాదు, ఎండినది. ‘వట్టు’ అనే క్రియకు ఎండిపోవడం, ఇంకిపోవడం అని అర్థం. తమిళంలో దీనికి జోడు ‘వఱ్ఱు’. తమిళంలో ఱ్ఱ ఉన్న చోట తెలుగులో ట్ట రావడం ‘పఱ్ఱు–పట్టు’, ‘చుఱ్ఱు–చుట్టు’ జంటల్లోనూ కనిపిస్తుంది. పాలివ్వడం మానేసిన గేదెను ‘వట్టిపోయింది’ అంటాం కదా, పాత అర్థం అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. ‘వట్టి గొడ్డుకు అరుపులెక్కువ, వాన లేని మబ్బుకు ఉరుములెక్కువ’ అన్న సామెత కూడా పాలింకిన పశువునూ నీరు లేని మబ్బునూ పక్కపక్కన నిలబెట్టింది. ఇంకిపోయాక మిగిలేది లేమి కనుక, అర్థం అటు జరిగి, చివరికి ‘వట్టి మాటలు’ అన్నప్పటి పసలేనితనం దాకా వచ్చింది.

‘ఖాళీ’ మాత్రం అరబ్బీ మాట. ‘హాజరు’, ‘వసూలు’ వంటి వాటిలాగే పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరింది.

సమాధానం 2:
పై వివరణకు వాడుకను జోడిస్తాను. నింపడానికి వీలుగా ఉన్న చోటును ‘ఖాళీ’ అంటాం. సీటైనా, ఉద్యోగమైనా, సమయమైనా అంతే. ‘వట్టి’ అన్నప్పుడు తోడుగా ఉండవలసినదేదో లేదని సూచిస్తాం. అందుకే చెప్పులు లేనివి వట్టి కాళ్లు అవుతాయి గాని ఖాళీ కాళ్లు కావు. ‘ఆవిడ వట్టి మనిషి కాదు’ అంటే గర్భవతి అని అర్థం. అదే వాక్యంలో ‘ఖాళీ’ పెట్టి చూడండి, ఆవిడకు చేతినిండా పని ఉందని అర్థం మారిపోతుంది! కుండ ఒక చోటూ అవుతుంది, నీళ్లు ఉండవలసిన పాత్రా అవుతుంది కనుక దానికి రెండు మాటలూ అతుకుతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ‘వట్టివేరు’ కూడా ఎండిన వేరేనా?

సమాధానం 1:
అలా అనిపించడం సహజమే గాని, నేను ఒప్పుకోను. పైన చెప్పిన లెక్క ప్రకారం తమిళంలో అది ‘వఱ్ఱివేర్’ అయి ఉండాలి. అక్కడ ఉన్నదేమో ట్టతోనే, ‘వెట్టివేర్’ అని.