లిస్టులో ఆఖరి పదం ఒక్కటే దొరుకుతోంది, మిగతావి ఎందుకు దొరకట్లేదు?

పదకోశం:
మా నాన్నగారు విండోస్ 7 ల్యాప్‌టాప్‌లో, నోట్‌ప్యాడ్‌లో, లైనుకో పదం చొప్పున మా ఊరి వ్యవసాయ పదాలు దాదాపు 400 టైప్ చేసి యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) సేవ్ చేసిచ్చారు. వాటిలో ఏవేవి నా దగ్గరున్న కథల ఫైళ్ళలో వస్తున్నాయో చూద్దామని ఉబుంటు లినక్స్‌లో, ఫైళ్ళలో పదాలు వెతికే గ్రెప్ కమాండ్‌కి ఆ లిస్టు ఇస్తే ఒక్క "పలుపు" తప్ప ఏదీ దొరకలేదు. కాడి, మేడి, గొర్రు కథల్లో ఉన్నాయి, నేను కళ్ళారా చూశాను. పలుపు లిస్టులో ఆఖరిది. కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు దూరిందేమోనని రెండు రోజులు వెతికాను, అదేం లేదు. నాన్నగారు నెల రోజులు కూర్చుని కొట్టిన ఫైలు, పాడైపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

నల్లతెర:
ఫైలు పాడవలేదండీ, కంగారు పడకండి. ఆఖరి పదం ఒక్కటే దొరికింది అన్నారు చూడండి, కిటుకంతా అక్కడే ఉంది. నోట్‌ప్యాడ్‌లో ఎంటర్ నొక్కితే క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అని కంటికి కనబడని రెండు గుర్తులు పడతాయి, వాటి నంబర్లు 13, 10. లినక్స్ 10 దగ్గరే లైను తెంచుతుంది, దాంతో 13 పదానికే అంటుకుపోతుంది. "కాడి" 12 బైట్లు ఉండాల్సింది, మీ లిస్టులో 13 ఉంది, తెర మీద తేడా తెలియదు. పలుపు తర్వాత నాన్నగారు ఎంటర్ నొక్కి ఉండరు. నమ్మకం కుదరకపోతే రెండో లైను ఒక్కటి తీసి బైట్లు చూపించే ఓడీ మైనస్ సీ కమాండ్‌తో చూడండి, తెలుగంతా అంకెలుగా వస్తుంది గానీ చివర బ్యాక్‌స్లాష్ ఆర్ (అంటే ఆ 13), బ్యాక్‌స్లాష్ ఎన్ (అంటే 10) పక్కపక్కనే కనిపిస్తాయి. ఫైల్లో మార్పులు చేసే సెడ్ కమాండ్‌తో లైను చివరి ఆర్ తీసేస్తే సరి.

పాతమిషను:
ఇది టెలిటైప్ మిషన్ల (తీగ మీద వచ్చిన సందేశాల్ని కాగితం మీద అచ్చు వేసేవి) నాటి అలవాటు. అచ్చు వేసే భాగాన్ని ఎడమ అంచుకి లాగడం ఒక పని, కాగితం ఒక వరస పైకి జరపడం ఇంకో పని, అందుకే రెండు కోడ్‌లు. డాస్ రెండూ ఉంచుకుంది, దాన్నుంచి విండోస్‌కి వచ్చాయి. లినక్స్ అనుసరించే యూనిక్స్ లైన్ ఫీడ్ ఒక్కటే తీసుకుంది. మ్యాక్ ఓఎస్ 9 వరకూ మ్యాక్‌లో క్యారేజ్ రిటర్న్ మాత్రమే ఉండేది, ఓఎస్ టెన్ నుంచి అదీ యూనిక్స్ దారికే వచ్చింది.

పదకోశం:
ప్రాణం లేచొచ్చింది, చాలా థ్యాంక్స్ అండీ! సెడ్ చేశాక కాడి, మేడి అన్నీ వచ్చాయి. కానీ మొట్టమొదటి పదం "అరక" మాత్రం ఇంకా దొరకట్లేదు.

నల్లతెర:
అది వేరే సంగతి, నేనే ముందు చెప్పాల్సింది. విండోస్ 7 నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే ఫైలు మొదట్లో బామ్ (బైట్ ఆర్డర్ మార్క్) అని కంటికి కనబడని 3 బైట్ల గుర్తు పెడుతుంది, అది అరకకి ముందు అంటుకుని ఉంది. విండోస్ లైన్లని లినక్స్ పద్ధతికి మార్చే డాస్‌టుయూనిక్స్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకుని ఫైలు మీద నడపండి, అది బామ్‌నీ తీసేస్తుంది. ఇంకొకటి, సరిచేసిన ఫైలు నాన్నగారికి ఉన్నదున్నట్టు పంపకండి. ఆ పాత నోట్‌ప్యాడ్‌కి ఒట్టి లైన్ ఫీడ్ అర్థం కాదు, 400 పదాలూ ఒకే లైనులో కలిసిపోయి కనిపిస్తాయి, పెద్దాయన బెంబేలెత్తిపోతారు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి గానీ అది సరికాలేదు. తిరిగి విండోస్ పద్ధతికి మార్చే యూనిక్స్‌టుడాస్ చేసి పంపండి.

పదకోశం:
అరక కూడా వచ్చింది! యూనిక్స్‌టుడాస్ చేసే పంపాను. ఇంకో 50 పదాలు గుర్తొచ్చాయట, అదే ఫైల్లో కొడుతున్నారు.