‘మర పోయింది’ అనాలా, ‘తల పోయింది’ అనాలా?

ప్రశ్న: పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ ఇంజన్ కవర్లకు కంపెనీ వేసిన స్టార్ స్క్రూలు తీసి, స్టెయిన్‌లెస్ స్టీల్ అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) ఎలా వేసుకోవాలో తెలుగులో రాస్తున్నాను. షెడ్లలో అందరూ ‘స్క్రూ పోయింది’, ‘స్లిప్ అయింది’ అంటున్నారు. ఇంతకంటే సరైన తెలుగు మాట ఉందా?

జవాబు: ఉందండీ. అయితే ఒక్క మాట చాలదు, రెండు కావాలి. ‘స్లిప్ అయింది’ అనేది రెండు వేర్వేరు నష్టాలను కలిపేస్తుంది. స్క్రూ నెత్తి మీది గాడి అరిగి డ్రైవర్ పట్టకపోతే ‘తల పోయింది’. స్క్రూ ఒంటి మీది మెలి (థ్రెడ్) అరిగి, ఎంత తిప్పినా బిగుసుకోకపోతే ‘మర పోయింది’. మీరు రాసేదాంట్లో ఈ తేడా తప్పకుండా ఉండాలి, ఎందుకంటే వీటి మందులు వేరు.

‘మర’ అంటే యంత్రం అనే అర్థమే ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది: పిండిమర, మరమగ్గం, మరమనిషి. మెలి అనే అర్థం మరచెంబులో, మరమేకులో నిలిచి ఉంది. మూత తిప్పి బిగించే చెంబు కాబట్టే అది మరచెంబు. తమిళంలోనూ స్క్రూ మెలిని ‘మరై’ అంటారు, స్క్రూని ‘మరైయాణి’ అంటారు. ‘మరమ్మతు’ కూడా ఇందులోంచే వచ్చిందని కొందరు అనుకుంటారు కానీ, అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. దీనికీ దానికీ చుట్టరికం లేదు.

ఇక బండి సంగతి. జపాన్ కంపెనీల పాత బండ్ల స్క్రూల గాడి జపాన్ ప్రమాణం ప్రకారం ఉంటుంది. మన దగ్గర దొరికే ఫిలిప్స్ స్టార్ డ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోదు. గట్టిగా తిప్పగానే పైకి ఎగదన్ని గాడిని చెక్కేస్తుంది. అంటే ముందు పోయేది తల. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడితే చాలావరకు వచ్చేస్తాయి.

అలెన్ బోల్టు వేశాక ఆ బాధ తగ్గుతుంది కానీ ప్రమాదం కిందికి దిగుతుంది. కీ బాగా పట్టు ఇస్తుంది కాబట్టి చెయ్యి తెలియకుండానే ఎక్కువ బిగిస్తుంది. బోల్టు ఉక్కు, ఇంజన్ కేసు అల్యూమినియం. ఓడిపోయేది కేసు లోపలి మరే. తల పోయిన స్క్రూని పారేస్తే సరిపోయేది, కేసులో మర పోతే రంధ్రం పెద్దది చేయించి హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగచుట్ట) వేయించాలి. 6 మి.మీ. బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. తడి తగిలితే ఈ రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి పట్టేస్తుంది, అందుకని మరకు కాస్త యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా పూసే పేస్టు) పూయమని కూడా రాయండి. స్టెయిన్‌లెస్ అయినంత మాత్రాన ఇది ఆగదు.

‘అలెన్’ని మాత్రం అలాగే ఉంచండి. కొన్ని షాపుల్లో ‘ఎల్ఎన్ కీ’ అని రాస్తారు, కీ ఆకారం కూడా ఆ ఇంగ్లీషు అక్షరంలాగే ఉండటంతో అందరూ నమ్మేస్తారు. నిజానికి అది అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఈ స్క్రూలు తయారుచేసిన అలెన్ కంపెనీ పేరు. దానికి కొత్తగా తెలుగు పేరు కట్టనక్కర్లేదు. ఊళ్లో మెకానిక్కుకు అర్థం కాని మాట రాసి ఏం లాభం?

మరో ప్రశ్న: మరి ‘చుట్టు’ ఎక్కడ వాడాలి? ‘మూడు మరలు తిప్పు’ అనడం కూడా విన్నాను.

జవాబు: ‘మర’ బోల్టు మీదా, అది దిగే రంధ్రంలోనూ ఉండేది, ‘చుట్టు’ మీరు తిప్పేది. రాతలో వేరుగా ఉంచితే లెక్క చెప్పడం సులువు. మామూలు 6 మి.మీ. బోల్టు ఒక చుట్టు తిప్పితే 1 మి.మీ. దిగుతుంది. అల్యూమినియంలో బోల్టు తన మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు దిగాలి, అంటే తొమ్మిది చుట్లు. ఒకే కవర్‌కు పొడుగూ పొట్టీ బోల్టులు రెండూ ఉంటాయి కాబట్టి, పాతవి తీసేటప్పుడే అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి వాటి చోట్లలో గుచ్చుకోమనండి. కొత్తవి ముందు చేత్తోనే తిప్పాలి. మొదట్లోనే బిర్రుగా ఉంటే మర తప్పి ఎక్కుతోందని అర్థం, అక్కడే ఆపి వెనక్కి తిప్పాలి.