చిన్న ఊరి ఫైన్ డైనింగ్‌కి 180 ఐటమ్‌ల మెనూ ఎందుకు?

గోదారి గట్టు:
భీమవరం, తణుకు, అమలాపురం సైజు ఊళ్ళలో ఫైన్ డైనింగ్‌కి ఒక అచ్చు తయారైపోయింది. ఏసీ, పసుపు లైట్లు, పువ్వులా మడిచిన గుడ్డ నాప్‌కిన్. మెనూ తెరిస్తే 180 ఐటమ్‌లు. 60 సీట్ల హోటల్‌కి మంగళవారం రాత్రి పాతికమంది వచ్చారనుకుందాం. మహా అయితే 50, 60 ప్లేట్లు పోతాయి. అందులో సగం బిర్యానీ, బటర్ నాన్, చికెన్ 65. మిగతా నూటయాభై ఐటమ్‌ల సరుకు ఏ ఫ్రీజర్లో ఎన్నాళ్ళనుంచి ఉన్నట్టు? 40 ఐటమ్‌లు చాలని నా వాదన. కాదనేవాళ్ళు లెక్కతో రండి.

సండే ఫ్యామిలీ:
లెక్క నేను చెప్తానండి. ఆదివారం టేబుల్‌కి 9 మంది వస్తారు. తాతగారికి పెరుగన్నం, మామ్మగారికి వెల్లుల్లి లేని పప్పు, పిల్లలకి నూడుల్స్, బావగారికి మటన్. హైదరాబాద్‌లో అయితే చైనీస్ ఒకచోట, బిర్యానీ ఇంకోచోట. ఇక్కడ ఏసీ, కార్ పార్కింగ్, ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్రూమ్ మూడూ ఉన్న చోటు ఊరికి ఒకటో రెండో. ఒక్కరికి నచ్చింది లేకపోతే 9 మందీ రారు. పైగా కార్తీకమాసం వస్తే నాన్‌వెజ్ పడిపోతుంది. అప్పుడు మీ 40లో 25 నాన్‌వెజ్ అయితే ఆ నెలంతా ఏం అమ్ముతారు?

మూకుడు:
ఇద్దరూ వరసలు లెక్కపెడుతున్నారు. వంటింట్లో లెక్కపెట్టాల్సింది గిన్నెల్ని. వెనకాల ఉండేవి మూడు గ్రేవీలు. టమాటా, జీడిపప్పు, వెన్నతో రెడ్. ఉడికించిన ఉల్లి, జీడిపప్పు, పెరుగుతో వైట్. వేయించిన ఉల్లి, టమాటాతో బ్రౌన్. ప్లేటుకి 180 నుంచి 200 మిల్లీలీటర్లు పడుతుంది కాబట్టి 20 లీటర్ల రెడ్ గ్రేవీ అంటే సుమారు 100 ప్లేట్లు. అందులో పనీర్ వేస్తే పనీర్ బటర్ మసాలా, తందూరీ ముక్క వేస్తే బటర్ చికెన్. రెడ్, బ్రౌన్ చెరిసగం కలిపి, పైన క్యాప్సికం ముక్కలు వేయించి వేస్తే ఇంకో పేరు. చైనీస్ పేజీ అంతా ఉడికించి ఆరబెట్టిన అన్నం, నూడుల్స్, నాలుగు సాసులు. అందుకని 180 వరసల మెనూకి నిజంగా వండి పెట్టుకునేవి 30 దాటవు.

అసలు దెబ్బ వైట్ గ్రేవీ దగ్గర తగులుతుంది. ఉడికించిన ఉల్లి, పెరుగు ఉంటాయి కాబట్టి ముందు పులిసేది అదే. రాత్రి పొయ్యి దించిన 20 లీటర్ల గిన్నెని అలాగే ఫ్రిజ్‌లో పెడితే పైన చల్లబడుతుంది గానీ, నడిమధ్య తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది. 60 డిగ్రీల నుంచి 21కి 2 గంటల్లో, అక్కణ్ణుంచి 5కి ఇంకో 4 గంటల్లో దిగాలి. దానికి రెండంగుళాల లోతు ట్రేల్లో పోసి, కింద ఐస్ పెట్టి కలుపుతూ చల్లార్చాలి. ఆ పని ఎగ్గొట్టినచోట మర్నాడు షాహీ పనీర్‌లో సన్నటి పులుపు తగులుతుంది. దాన్ని కప్పిపెట్టడానికి పంచదార పడుతుంది. మలై కర్రీ తియ్యగా ఉందంటే అన్నిసార్లూ క్రీమ్ వల్ల కాదు.

గోదారి గట్టు:
మీరు నా కేసే వాదించారు. మూడు గిన్నెలకి ముప్ఫై పేర్లు పెట్టి, పేరుకో రేటు వెయ్యడం మీద కదా నా గొడవ. ఇక చేపల పేజీ చూడండి. చుట్టూ రొయ్యల చెరువులు, చేపల చెరువులు. మెనూలో మాత్రం ‘గ్రిల్డ్ ఫిష్ విత్ లెమన్ బటర్’, ‘అపోలో ఫిష్’. లోపల ఫ్రోజెన్ బాసా చేప. అపోలో ఫిష్‌కి మొదట వాడింది కొరమీను. ఆ రుచి కోసం తినేవాడికి పేరు మిగిలింది, చేప మారిపోయింది.

లెక్కల మాస్టారు:
బాసాని తిట్టడం తేలికండి. పండుగప్ప కిలో 450కి దొరికిందనుకుందాం. తల, ముల్లు, తోలు పోగా ఫిల్లెట్ 450 గ్రాములు దాటదు. అంటే ఫిల్లెట్ కిలో 1000 పడినట్టు. ప్లేటుకి 200 గ్రాములు వేస్తే చేప ఒక్కటే 200. సరుకు ఖర్చు అమ్మకం రేటులో మూడోవంతు ఉండాలన్న మామూలు లెక్కన ఆ ప్లేటు 600 పైమాటే. చిన్న ఊళ్ళో 600 పెట్టి ‘చేప వేపుడు’ తినమంటే ఎవరు తింటారు? పోనీ తల, ముల్లు పులుసులోకి మళ్ళిస్తే కొంత రాబట్టుకోవచ్చు. కానీ మెనూలో పులుసు ఉండదు, లెమన్ బటర్ ఉంటుంది!

ఇంకోటి, బాసా వియత్నాం నుంచే రానక్కర్లేదు. అది పంగాసియస్. మన కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో ‘ఫంగస్’ అని పిలిచేది ఆ జాతినే. తప్పు చేపది కాదు, కరిగించడంలో ఉంది. ఫ్రోజెన్ ముక్క మీద మంచు పూత ఉంటుంది. ఆర్డరొచ్చాక కుళాయి కింద పెట్టి కరిగిస్తే నీళ్ళు పీల్చుకుని, కార్న్‌ఫ్లోర్ పూత నూనెలో జారిపోతుంది. ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో జల్లెడ మీద పెట్టి, తెల్లారి గుడ్డతో నొక్కి తడి తీస్తే అదే ముక్క నిలబడుతుంది.

సండే ఫ్యామిలీ:
రొయ్యకి ఈ బాధ లేదు కదండీ మాస్టారూ?

లెక్కల మాస్టారు:
ఉందండీ, కాకపోతే తక్కువ. తల, తొక్క, నరం తీశాక సుమారు సగం మిగులుతుంది. 30 కౌంట్, అంటే కిలోకి 30 తూగేవి, వేపుడుకి బాగుంటాయి. ప్లేటుకి 10 వేస్తే ముడి రొయ్య మూడోవంతు కిలో. పలావులోకి 60 కౌంట్ చాలు. మెనూలో ‘జంబో’ అని రాసి 60 కౌంట్ పెట్టే చోట పూత మందం చూస్తే తెలిసిపోతుంది. వేగడానికి రెండు, మూడు నిమిషాలు చాలు. అంతకు మించితే రబ్బరే.

పాలమూరు పిల్లగాడు:
అన్నా, మెనూ పొడుగు సంగతి తర్వాత. వడ్డించుడు సక్కగ లేకుంటే 40 అయినా 180 అయినా ఒకటే. 9 మంది టేబుల్‌కి ఆర్డర్ తీసుకునే కెప్టెన్ మొత్తం ఒకటే కేఓటీల (వంటింటికి పోయే ఆర్డర్ చీటి) కొట్టేస్తడు. స్టార్టర్స్, నాన్, బిర్యానీ అన్నీ ఒక్కసారే వచ్చి టేబుల్ మీద జాగ ఉండది. బటర్ నాన్ తందూర్ల నుంచి తీసిన అయిదు నిమిషాలకే తోలు లెక్క అయితది. రెండు కేఓటీలు కొట్టాలె. స్టార్టర్ ప్లేట్లు మూడొంతులు ఖాళీ అయినంక రెండోది లోపలికి పోవాలె. రొట్టెలు ఒక్కసారి 12 కాదు, నాలుగేసి.

ఇగ నాటుకోడి. గిన్నెల వండితే మెత్తబడనీకి గంట దాకా పడ్తది. పది నిమిషాల్ల టేబుల్ మీదికి వచ్చిందంటే పొద్దున ఉడికించి పెట్టిందే. అది తప్పేం కాదు, పులుసు ఊరితే ఇంకా మంచిగుంటది. ‘ఇప్పుడే వండినం సార్’ అని చెప్పుడే తప్పు.

గోదారి గట్టు:
వడ్డన అంటున్నారు కాబట్టి, బిల్లు కింద 10 శాతం సర్వీస్ చార్జి సంగతేంటి? ఇవ్వాల్సిందేనా?

లెక్కల మాస్టారు:
అక్కర్లేదు. సీసీపీఏ (కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ) 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బిల్లులో దానంతటదే కలపకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. తీసెయ్యమనండి, తియ్యకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. హోటల్ కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారాలు ఎంచుకునే జీఎస్టీ పద్ధతి) ఉంటే జీఎస్టీ కూడా మీ దగ్గర వేరుగా వసూలు చెయ్యకూడదు. బిల్లు మీద ‘బిల్ ఆఫ్ సప్లై’ అని ఉందేమో చూసుకోండి. ఇక మెనూ దగ్గరికి వద్దాం.

మూకుడు:
నా లెక్క 60. అచ్చు మెనూ 50, తలుపు దగ్గర పలకమీద ఆ రోజు వచ్చినదాన్నిబట్టి పది. చేపలు, రొయ్యలు, గోంగూర లాంటివి పలకమీదే. అయిపోతే తుడిచెయ్యాలి. సండే ఫ్యామిలీ గారి నూడుల్స్, పెరుగన్నం, వెల్లుల్లి లేని పప్పు ఆ 50లో ఉంటాయి, వాటికి అదనపు గిన్నె అక్కర్లేదు. కార్తీకంలో పలక మొత్తం వెజ్ చేసుకోవచ్చు. మెనూ మళ్ళీ అచ్చు వేయించే పని లేదు.

బిర్యానీ ఒక్కదాన్ని మాత్రం పూటకోసారి వండాలి. కిలో బియ్యానికి 5, 6 ప్లేట్లు వస్తాయి. మంగళవారం రాత్రికి 2 కిలోలు పెడితే చాలు, 8 కిలోలు కాదు. మధ్యాహ్నంది రాత్రికి మైక్రోవేవ్‌లో పెడితే మెతుకు చివర గట్టిపడి పంటికి తగులుతుంది. ఆరిన అన్నాన్ని బయట ఉంచడం కడుపుకీ మంచిది కాదు. 9:30కి ‘బిర్యానీ అయిపోయింది’ అని చెప్పే ధైర్యం యజమానికి ఉండాలి.

సండే ఫ్యామిలీ:
9:30కి బిర్యానీ లేదంటే మా బావగారు మళ్ళీ ఆ గుమ్మం తొక్కరండి. ఆ ధైర్యం హైదరాబాద్‌లో చెల్లుతుంది. 60కి ఒప్పుకుంటాను గానీ, బిర్యానీ మాత్రం 4 కిలోలు పెట్టించండి.

గోదారి గట్టు:
మిగిలిన 2 కిలోలు బుధవారం మధ్యాహ్నం ఎవరి ప్లేట్లోకి వెళ్తాయో అది కూడా మీరే చెప్పండి.