వెనుకటి గుణమా, మునుపటి గుణమా?

హన్మకొండ: గోల్డెన్ రిట్రీవర్ పిల్ల ఇంటికి వచ్చిన్నాడే మా బాపు దానికి కనకం అని పేరు పెట్టిండు. అది చెప్పు కరుచుకొచ్చినప్పుడల్లా సుమతి పద్యం ఎత్తుకుంటడు: "కనకపు సింహాసనమున శునకమును గూర్చుండబెట్టి..." ఆఖరి పాదం ఆయన నోట "మునుపటి గుణమేల మాను" అని వస్తది. నాకు బళ్లె చెప్పింది "వెనుకటి". ఏది సరి?

కాజీపేట: మునుపటి కుదరదు తమ్మీ. గణం సరిపోతది, ప్రాస (పాదంల రెండో అక్షరం) నకారమే కాబట్టి చెవి కూడా ఒప్పుకుంటది. కానీ యతి? పాదం మొదటి అక్షరం నాలుగో గణం మొదటి అక్షరంతోని కలవాలె. ఇక్కడ నాలుగో గణం "వినరా". వె-వికి మైత్రి ఉంది, ము-వికి లేదు. రెండో పాదం కూడా "శునకము గూర్చుండ" అనాలె. "శునకమును" అంటే ఐదు మాత్రలైతయి, కందంల గణానికి నాలుగే.

జనగామ: యతి ఒప్పుకుంటా. నా పట్టింపు ఇంకో అక్షరం మీద. వెనకటా, వెనుకటా? రెండూ నాలుగు లఘువులే, ఛందస్సు ఏ దిక్కూ మొగ్గదు. నేను వెనకటి అంటా. కనక, శునక, వెనక: ఆ "నక" మోగాలనే కవి ఏరుకున్నడు. బద్దెన కాకతీయుల సామంతుడంటరు. మన దిక్కు ఇప్పటికీ "ఎనకట" అనే కద అంటం.

కాజీపేట: మూడో పాదం "దొనరగ". అండ్ల నక ఏది?

కరీంనగర్: అక్షరం తర్వాత, ముందు అర్థం తేలాలె. వెనుకటి గుణమంటే పట్టం కట్టకముందటి అలవాటా, పుట్టుకతో వచ్చిందా? పుట్టుకే అంటాను. కనకం వంశమే సాక్ష్యం. స్కాట్లండ్‌లో ట్వీడ్‌మౌత్ ప్రభువు 1868లో నూస్ అనే పసుపు రిట్రీవర్‌ను, బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్‌ను కలిపితే నాలుగు పసుపు పిల్లలు పుట్టాయి. నూస్‌తో పాటు పుట్టినవన్నీ నల్లవే. నల్లవాటిలో దాగిన రంగు ఆ ఒక్కదానిలో పైకొచ్చింది. వెనుకటి గుణం అంటే ఇదీ. ఈ జాతి రష్యా సర్కస్ కుక్కల సంతతని చాన్నాళ్లు నమ్మారు. ఆ ప్రభువు 1835 నుంచి 1890 దాకా రాయించిన కుక్కల పుట్టుకల పద్దు 1952లో అచ్చులోకొచ్చాక ఆ కథ నిలవలేదు.

హన్మకొండ: అట్లయితే పద్యం మా కనకానికి పొగడ్తే. కొట్టిన పక్షిని నీళ్లలకెళ్లి నలగకుండ తెచ్చేటందుకే పెంచిన జాతి ఇది. మొన్న గంపలకెళ్లి కోడిగుడ్డు కరుచుకొచ్చి మా అవ్వ చేతుల పెట్టింది. పెంకు నిండ చొంగ, ఒక్క బీట లేదు. వడ్డేపల్లి చెరువు కనబడితే గొలుసు ఆగదు. ఇంటికొచ్చినంక పైబొచ్చు తొందరగనే ఆరుతది, లోపలి నూగు మాత్రం సందేల దాక తడిగనే ఉంటది. నేనేం నేర్పలే.

జనగామ: పద్యంల నిందే ఉంది, దాన్ని పొగడ్త చేయలేం. నాకు సోమన కావాలె. మా పాలకుర్తి కవి బసవపురాణంల కుక్క చేత వేదం చదివించిండు, అదీ ద్విపదల, జాను తెనుగుల. పుట్టుక చూసి గద్దె దింపే పద్యం కన్న, పుట్టుక అడగకుండ నోట వేదం పెట్టిన ఆ ఘట్టం నాకు వెయ్యి రెట్లు ఎక్కువ. ఆ రెండు పక్కపక్కన పెట్టి చదవండి.

మంచిర్యాల: సోమన కన్న ముందు నన్నయ ఉన్నడు. భారతంల "తగునిది తగదని యెదలో వగవక" అని జనమేజయునికి నీతి చెప్పింది సరమ, దేవతల కుక్క. ఋగ్వేదంల పణులనే శత్రువులు దాచిన ఆవుల జాడ ఇంద్రునికి పట్టిచ్చింది కూడ సరమనే. పోయినదాన్ని వెతుకుడు సారమేయాలకు, అంటే కుక్కలకు, అప్పటి నుంచి ఉన్న గుణం. బద్దెన మనసుల అదే ఉండొచ్చు.

కాజీపేట: సరమ దూతగా పోయింది, వేటకు కాదు. కానీ మంచి పద్యం తెచ్చినవ్. దాని నాలుగు పాదాల మొదళ్లు చూడు, తగు, వగ, మొగి, కగు: ప్రాసల గకారమే నిలిచింది, అచ్చులు మారినయి. నన్నయ కందంలనే అట్లుంటే "వెనుకటి"ల ఉకారానికి అడ్డేంది?

జనగామ: అడ్డం లేదు, కానీ కవి అదే రాసిండనడానికి అది చాలదు. తాటాకు ప్రతి చూసినోళ్లుంటే ఆ పాదం ఫోటో పెట్టండి. అందాక నేను వెనకటే చదువుత.