సాగర్‌ల వలకు చిక్కిన పిట్ట కాలికి రింగు ఉంది, ఎవరికన్న తెలుసా?

సాగర్_బిడ్డ:
అందరికి నమస్తే. సంక్రాంతి ముందట మా చిన్నాయన పుట్టి మీద పోయి వల తీస్తుంటే ఒక తెల్లపిట్ట చిక్కి ఉందట, ఎర్రకాళ్లు, చెవి కాడ నల్లమచ్చ, నాగార్జునసాగర్‌కు చలికాలం వచ్చే గల్ అనుకుంటున్న. కాలికి సన్నటి రింగు, దాని మీద ఇన్ఫార్మ్ బాంబే అని, కింద నంబరు. వల కోసి ఇడిచిపెట్టిండు, నంబరు అగ్గిపెట్టె మీద రాసుకొచ్చిండు గాని తడికి రెండంకెలు అలుక్కపోయినయ్. ఎవరికి చెప్పాలె? యాడికెల్లి వచ్చిందో తెలుస్తదా?

కోయిల్‌సాగర్_కెమెరా:
తమ్మీ, అది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ల రింగు. పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ ఉన్నప్పుడు, పిట్టలకు రింగులు తొడుగుడు 1959ల పెద్దఎత్తున మొదలువెట్టిండ్రు. ఉన్న అంకెలు, తారీఖు, జాగ రాసి పంపు, సగం నంబరైనా పంపు. కాని రింగుతోని రెండు జాగలే తెలుస్తయ్, యాడ తొడిగిండ్రు, యాడ దొరికింది, నడుమ దారి తెల్వది. నాకు జూరాల కాడ ఒకసారి మెడపట్టీ ఉన్న బాతు కనవడ్డది, ఫొటోల అక్షరం సగమే పడ్డది, ఆ రాత్రి నిద్ర పట్టలే.

నల్గొండ_టీచరమ్మ:
ఆ నడుమ దారి కోసమే జియోలొకేటర్ వచ్చింది, పిట్టకు కట్టే సన్నటి యంత్రం. మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్తుంట, అండ్ల ఉండేది వెలుతురు చూసే సెన్సరు, గడియారం, అంతే. పగలు ఎంతసేపుందో చూస్తే ఉత్తరానికి దక్షిణానికి ఎంత దూరమో, నడి మధ్యాహ్నం ఎప్పుడైందో చూస్తే తూర్పు పడమర తెలుస్తది. మార్చి, సెప్టెంబరుల రాత్రి పగలు అంతట సమానం కద, అప్పుడు ఉత్తర దక్షిణాల లెక్క తప్పుతది. 1.4 గ్రాములది ఆర్కిటిక్ టర్న్ అనే సముద్రపు పిట్టలకు కట్టిండ్రు, మళ్లొచ్చిన 11 పిట్టల లెక్క 2010ల బయటికొచ్చింది, గ్రీన్‌లాండ్ దిక్కుకెల్లి అంటార్కిటికా దాకా పోయి వచ్చుడు ఏడాదికి 70 వేల కిలోమీటర్లు! కాని మరుసటేడు అదే పిట్టను గూటి కాడ మళ్ల పట్టాలె, లేకుంటే లెక్క దానితోనే పోయినట్టు.

డిండి_తమ్ముడు:
మరి పిట్ట యాడుందో శాటిలైట్‌కు చెప్పే యంత్రం పెట్టొచ్చు కద అక్కా?

కోయిల్‌సాగర్_కెమెరా:
బరువు తమ్మీ. పిట్ట బరువుల నూటికి మూడు వంతులు దాటనియ్యరు, టర్న్ ఉండేదే నూరు గ్రాముల అటుఇటు. జర పెద్ద పిట్టలైతే సోలార్‌తోని నడిచే శాటిలైట్‌వి కడ్తరు. 2013ల నాగాలాండ్‌ల మూడు అమూర్ డేగలకు కట్టిండ్రు, పేర్లు నాగా, పాంగ్తి, వోఖా, అవి మన దేశం దాటి అరేబియా సముద్రం మీదికెల్లి ఆఫ్రికా పోయినయ్. అంతకు ముందేడే అక్కడ వేలకు వేలు పట్టి చంపేటోళ్లు, ఊరోళ్లే ఆపిండ్రు. 2022ల అలాస్కాల పుట్టిన ఐదు నెలల గాడ్విట్ అనే పొడుగు ముక్కు పిట్ట పిల్ల ఆగకుండ 11 రోజులు ఎగిరి టాస్మానియాల దిగింది, 13,560 కిలోమీటర్లు. చదివినప్పుడు కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

సాగర్_బిడ్డ:
మెయిల్ కొట్టిన అన్నా. అలుక్కపోయిన అంకె ఒకటి 3 గాని 8 గాని అంటుండు చిన్నాయన, రెండూ రాసిన. పుట్టిల ఇప్పుడు పెన్సిలు, ప్లాస్టిక్ కవర్ల సుట్టిన నోటుబుక్కు పెట్టుకుంటుండు.