రోజూ నడిచే నడకను కేలరీల లెక్కలో ఎలా కలపాలి?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. బరువు తగ్గాలని ఏం తిన్నా కేలరీలు రాసుకుంటున్నాను. కొండారెడ్డి బురుజు దగ్గరున్న షాపుకు నడిచే వెళ్లొస్తాను, సాయంత్రం ఇంకో గంట వాకింగ్.

రోజు మొత్తం ఖర్చు తెలియడానికి, ఏ పనీ చేయకపోయినా ఒంటికి రోజుకు ఖర్చయ్యే కేలరీలను, అంటే బీఎంఆర్‌ను కూర్చుని పనిచేసేవాళ్లకు 1.2తో, కాస్త తిరిగేవాళ్లకు 1.375తో గుణిస్తారు కదా. నేను 1.375 తీసుకుంటే నడక అందులోనే వచ్చేసినట్టా? అలాగైతే ఫోన్ యాప్ చూపించే నడక కేలరీలు మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కేసినట్టే. పైగా యాప్ గంటకు 250 అని చూపిస్తే, అందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవి 70 దాకా ఉంటాయి. అవి తీసేయాలా?

లేక 1.2 పెట్టుకుని నడకను విడిగా కలపడం మేలా? రాత్రి ఇంకో జొన్నరొట్టె తినొచ్చా లేదా అన్నది దీన్నిబట్టే తేలాలి. మరీ తగ్గిస్తే నీరసం వస్తోంది, అదే టెన్షన్. ఇలా లెక్కేసుకుని బరువు తగ్గినవాళ్లు ఏ పద్ధతి పాటించారో చెప్పండి, ప్లీజ్.